పలక పలికినంత సేపు

ఆదోని కార్వాన్‌పేటలోకి
మా నాయన కంటే ముందు ఆయన విల్లు వస్తాండె.
తుంయ్... తుంయ్య్...
పరుపులు ఏకించుకునేటోళ్ళు
ఆ సద్దుకే తలుపులు తీస్తాండ్రి.
దూదేకుల ఉసేనప్ప వచ్చినాడని
ఆయన ఎప్పుడూ అరవలేదు.
అరిచే గొంతు కాదది.
ముప్పై ఏండ్లు దూది పీల్చీ పీల్చీ
నాయన మాట
దిండులో పెట్టి కుట్టేసినట్టు ఉండె.

ఏడేండ్లప్పుడు అడిగినా:
"ఇంత సన్న నరానికి
అంత గొంతు యాడిది నాయనా?"

చేతిలో కొయ్యగుండు కింద పెట్టి
విల్లుకున్న మేకనరం విప్పినాడు.
వాకిట్లో పడున్న నాపబండకు చుట్టి బిగించి
రెండు కొసల్లో రెండు గులకరాళ్ళు దోపినాడు.
"మీటు మే."

మీటినా.
నరం వణికింది,
కంటికి పొగ మాదిరి కనపడేంత.
చెవికి మాత్రం
దోమ పోయినంత కూడా లేదు.

"సూదితో విసురుకుంటే గాలొస్తాదా?
విసనకర్ర కావల్ల."

అంతే చెప్పినాడు. ఎక్కువ మాట్లాడితే దగ్గొస్తాది.
నరం మళ్ళీ విల్లుకెక్కించి
కొసనున్న వెడల్పు చెక్కను చూపించినాడు.
"మాబున్నీ, ఈ పలక మీద అరచెయ్యి పెట్టు."
గుండుతో కొడితే
చేతికింద పిచ్చుకపిల్ల గింజుకున్నట్టు అయ్యింది.
నా చెయ్యి ఉన్నంత సేపూ సగం గొంతే.
చెయ్యి తీసినా.
ఎదురింటి కాశింబీ బయటికొచ్చి
"పిలిస్తివా ఉసేనప్పా" అనె.

తర్వాత నేనొక్కదాన్నే కూచొని లెక్కపెట్టినా.
బండ మీద నరం, వేలికి తెలిసేలా, పదకొండు దాకా బతికింది.
పలక మీద నాలుక్కే చచ్చిపాయె.
ఇదేం లెక్క అంటే నాయన నవ్వినాడు.
"బండ పిసినారిది మే.
నరం ఇచ్చింది తీసుకోదు.
తీసుకోనిది ఊరికేమిస్తాది?"

నేను అప్పటిదాకా
పలకే ఏదో కలుపుతాదనుకున్నా.

ఒక వానాకాలం పలక చీలింది.
మౌనేశాచారి మందపు టేకు చెక్క వేసిచ్చినాడు.
"నీ మనవండ్లదాకా వస్తాది పో."
నాయన కణుపులతో తట్టి చూసినాడు.
దప్.
"ఇది తలుపుకు పనికొస్తాది ఆచారీ."

చిత్రిక పట్టమన్నాడు.
ఇంకొంచెం.
ఇంకొంచెం.
వాకిలంతా చెక్క పొట్టు, నేను చేతులకు గాజులు వేసుకుంటాండా.
"ఇంగా తీస్తే పగుల్తాది ఉసేనప్పా!"
"పగిలేదానికి ఒక్క పొర ముందర ఆపు."

ఎట్లా తెలుస్తాది ఆ పొర?
ఇద్దర్లో ఎవరూ చెప్పలేదు నాకు.
ఆచారి ఊదుతాడు, నాయన తడతాడు,
ఇద్దరూ తల పక్కకు వంచుతారు.
పొద్దుగూకే యాలకు చెక్క పలికింది.

స్టేషన్ రోడ్డులో కరెంటు మిషన్ పెట్టినంక
పరుపులే అక్కడికి నడిచిపోయినాయి.
ఆ పైన స్పాంజి వచ్చె.
విల్లు గోడకెక్కె.

పెద్దాసుపత్రిలో
చిన్న వయసు డాక్టరు
నాయన వీపు మీద ఎడమచెయ్యి పరిచి
కుడిచేతి వేలితో తట్టినాడు.
పైన ఒక రకం. కింద ఒక రకం.
నాకు చెప్పబన్లే,
నేను ఆ పొట్టులో ఆడుకున్న పిల్లని.
కిందంతా దప్.

నాయన తల పక్కకు వంచి వింటాండాడు.
"పలక మందమైందా సార్?"
డాక్టరుకు అర్థం కాలే.
చిత్రిక యాడుంది ఆయన దగ్గర.

ఇప్పుడు విల్లు నా ఇంట్లో ఉంది.
పలక గోడకు ఆనకుండా
మేకు కొంచెం బయటికి లాగి తగిలించినా.
పత్తి సీజన్లో అర్ధరాత్రి దాటినంక
మార్కెట్ యార్డుకు లారీలు పోతాంటే
గోడ అదురుతాది.
ఎవరూ ముట్టకుండానే
నరం ఒక్కసారి, చిన్నగా...

మా ఆయన నిద్రలోనే విసుక్కుంటాడు:
"పోయి దాని మీద చెయ్యి పెట్టరాదా."

నేను లెక్కపెడతాంటా.
ఒకటి. రెండు. మూడు.