మిల్లు ఆగినప్పుడు

మిర్యాలగూడల సాగర్ రోడ్డు పక్క
రైసుమిల్లు వెనక గోనెసంచుల అర్ర మా బడి.
రాత్రి ఏడున్నరకు మొదలైతది.
ఎప్పుడైపోతదో నాకు తెల్వదు, లారీలకు తెలుసు.
లోడొస్తే సగం తరగతి
వాక్యం నడుమల్నే లేచిపోతది.

జానయ్య డెబ్బై కిలోల బస్తా వీపు మీదేసుకొని
ఊగే చెక్క మీంచి లారీ ఎక్కుతడు, అడుగు తప్పడు.
సుద్దముక్క చేతికిస్తే చెమటకు తడిసిపోయింది.
"నాకు రాదు మేడం" అన్నడు.
నేనింకా ఏమీ అడగనే లేదు.
నలభై ఏండ్ల సంది రొండిన దోపుకొని తిరిగిన మాట,
అరిగి అరిగి నున్నగైంది.

ద్వాళిది దామరచర్ల దిక్కు తండా.
నవ్వుడు, ఏడ్చుడు, దేవునికి మొక్కుడు అన్నీ గోర్‌బోలిల.
తెలుగంటే ఆమెకు గట్టు మీంచి వినొచ్చే గొంతు:
వంగు, జల్ది, ఇంకో మడి ఉంది, పైసలు రేపు.
అన్నీ తనకు చెప్పే మాటలే,
తను చెప్పే మాట ఒక్కటి లేదు అండ్ల.

దర్భంగ నుంచొచ్చిన రాంప్రీత్‌కు
సంతల వేలు చూపెట్టుడు నామోషీ.
పేరు రెండు దిక్కుల ఒక్క తీరే ఉన్నదని
ఆరు నెలలు ఆలుగడ్డ ఒక్కటే తిన్నడు.
వంకాయ అన్న మాట వచ్చిన నాడు
రెండు కిలోలు కొనుక్కొచ్చి నా ముందర కుమ్మరించిండు.

నేనేం పుట్టుకతో మంచి టీచర్ను కాదు.
ట్రైనింగుల నా మొదటి పాఠం నాడు
వెనక బెంచీల కూసున్న సారు లేచి
"ఆ యాస ఇంటికాడ వదిలి రామ్మా" అన్నడు.
అప్పటి సంది నా గొంతుల ఒక జల్లెడ.
మొదట్ల ఆ జల్లెడనే తెచ్చి
వీళ్ల నోటికాడ పట్టిన.

సత్తెమ్మ అని ఒకామె ఉండె,
బియ్యంల నూకలు చెరిగే పని.
తన పేరు, ఊరు, పిల్లల పేర్లు రాసుకొచ్చి
కొంగు చాటు నుంచి నోటుబుక్కు తీసిచ్చింది.
ఒత్తులు లేవని, దీర్ఘాలు లేవని
ఎర్ర పెన్నుతోని పదకొండు సున్నాలు చుట్టిన.
బిడ్డ పేరు చుట్టు గూడ ఒకటి.
తెల్లారి రాలే. మళ్ల రాలే.
బస్టాండుల ఒకసారి కనవడితే
తప్పు తను చేసినట్టు తల వంచుకొని పోయింది.

ఇప్పుడు నా సంచిల ఎర్ర పెన్ను లేదు, వాచకం లేదు.
కాంటా చిట్టీలు, కరెంటు బిల్లులు,
పురుగుమందు డబ్బాల కాగితాలు చదువుతం.
మిల్లు నడిచినంతసేపు అందరూ గట్టిగనే చదువుతరు.
తప్పులన్నీ ఊకల కలిసిపోతయి.
ఆ మోత మాకు దుప్పటి.

మొన్న కరెంటు పోయింది.
జానయ్య చేతుల వడ్ల కొనుగోలు కాగితం,
ద్వాళి పట్టిన సెల్లు వెలుతురు.
"తేమ పది...హేడు శాతం మిం...చ..."
మిల్లు ఆగిపోయింది.
తన గొంతు తనకే వినొచ్చి బెదిరిండు.
గోడ అవతల గుమాస్తా దగ్గు సుత వినవడుతున్నది.
మిగిలిన రెండక్షరాలు నా నాలిక కొస మీదికొచ్చినయి.
పండ్లు బిగవట్టిన.
ఇన్నేండ్లల్ల నేను కష్టపడి నేర్చుకున్న పాఠం అదొక్కటే,
నోరు మూసుకునుడు.

ఒక దోమ. దూరంగ రైలు.

"...రాదు."

ద్వాళి పక్కున నవ్వింది:
"రాదు రాదు అంటివి గదా అన్నా,
ఆ రాదు గూడ వచ్చె నీకు!"
అందరం నవ్వినం.
పక్కాయన చెవుల చెప్పినంక రాంప్రీత్
తనొక్కడే మళ్ల మొదటి నుంచి నవ్విండు.
జానయ్య ఆ వాక్యం ఇంకోసారి చదివిండు,
ఈసారి గుమాస్తాకు వినవడేటట్టు.
కరెంటొచ్చి మిల్లు మొదలైనా ఆపలే.

రేపు ఆదివారం.
సత్తెమ్మ ఇంటికి పోవాలనుకుంటున్న.
తలుపు తీస్తే మొదటి మాట ఏమనాలె?
రాత్రంత జల్లిస్తున్న.
నాకింకా రాదు.