పద్నాలుగు సెకన్లు

డిసెంబరు రెండో వారం. డులూత్‌లో
నాలుగున్నరకే దీపాలు వెలిగాయి.
సరస్సు మీది గాలి
అద్దెగది కిటికీ సందుల్లో ఈల వేస్తుంటే
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని
నా గొంతు నేనే వింటున్నాను.

ఎల్లుండికి ఇరవై పేజీలు ఇవ్వాలి,
ఒక గంట సంభాషణ, పొల్లుపోకుండా.
ఆయన దగ్గింది రాయాలి. నేను "ఊఁ" అన్నదీ రాయాలి.
ఎన్ని ఊఁలు! ఊకొట్టడంలో ఇంత చదువుందని
రెండేళ్ళ కిందట ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఇంకా పదకొండు గంటలు తక్కువ నాకు.
క్లయింటు రాకపోతే ఆ గంట లెక్కలోకి రాదు.
నిన్న మంచు పడి ఇద్దరు మానేశారు.
వాళ్ళెలా ఉన్నారో అనే కంటే ముందు
నా గంటలే గుర్తొచ్చాయి.
ఆ మాట ఏ రిపోర్టులోనూ రాయలేదు. ఇక్కడ రాస్తున్నా.

ఓడెట్ వంటింటి నిండా పరీక్ష కార్డులు పరిచింది,
ఫ్రిజ్ మీద, గట్టు మీద, నా టీకప్పు మీద కూడా.
"అలసట లక్షణాలు చెప్పు" అంది నిద్రకళ్ళతో.
గుక్క తిప్పుకోకుండా తొమ్మిది చెప్పాను.
"భలే, చూడకుండానే!"
చూసే చెప్పాను. ఎదురుగా, మైక్రోవేవ్ అద్దంలో.

టేపు నడుస్తోంది.
పేరు మార్చి రాయాలి, ఆర్విడ్ అందాం.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనుప ఖనిజం ఓడల్లో వంటవాడు.
ఓడ దిగాక ఒక్కడికి వండుకోవడం చేతకావడం లేదంటాడు.
చేతికి పాత కొలతే తెలుసు,
ఎప్పుడు వండినా ఇరవై రెండు మందికి సరిపోతుంది.

ఆయనకి ఊపిరి నేర్పుతున్నాను.
నాలుగు అంకెలు లోపలికి, నాలుగు ఆపి, నాలుగు బయటికి.
ఆయన శ్వాస వినిపిస్తోంది, పాత కొలిమితిత్తిలా.
నాది వినిపించడం లేదు.
వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. లేదు.
అంకెలు మాత్రం ఠంచనుగా లెక్కపెట్టాను.

నలభయ్యో నిమిషం. ఉన్నట్టుండి ఆయన:
"అమ్మాయీ, నువ్వేమైనా తిన్నావా?"

నిశ్శబ్దాన్ని కూడా కొలిచి రాయాలి.
రాశాను: పద్నాలుగు సెకన్లు.
ఆ పద్నాలుగులో హీటర్ ఒకసారి టక్కుమంది,
రేవులో ఓడ ఒకటి రెండుసార్లు కూసింది.
ఆపైన నేను, తరగతిలో నేర్చిన గొంతుతో:
"ఆ ప్రశ్న అడగాలని మీకెందుకు అనిపించింది?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.
"వడ్డించే ముందు అందరి మొహాలూ చూసేవాణ్ణి.
అలవాటు పోలేదు."
"ఊఁ" అన్నాను.

ప్రతి పేజీ అంచున బెర్నడెట్ పెట్టిన గడి ఒకటుంటుంది:
మళ్ళీ అవకాశమొస్తే ఇక్కడ ఏమంటావు, ఐలీ?
ఇంతకుముందు పన్నెండూ
సిద్ధాంతాల పేర్లతో నింపేశాను.
ఈ గడి ముందు పెన్ను కొరుకుతూ కూర్చుని
చివరికి రాశాను, "తినలేదు అంటాను" అని.

మార్కులు పోతాయేమో.
క్లయింటు ముందు మన గిన్నె చాచకూడదని
మొదటి వారమే చెప్పారు.
నిజమే, ఆయన నా ఆకలి మొయ్యడానికి రాలేదు.
కొట్టెయ్యబోయాను. కొట్టెయ్యలేదు.

కార్డులు పక్కకి జరిపి రెండు గుడ్లు ఉడకబెట్టాను.
పెంకు సరిగా ఊడలేదు,
తెల్లసొన సగం దాంతోనే పోయింది.
నిలబడే తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.
ఓడెట్ బల్ల మీదే నిద్రపోయింది,
చెంపకి ఏదో సిద్ధాంతం అంటుకుని.
రెండో గుడ్డు ఆమె మోచేతి దగ్గర పెట్టాను.

ఇంకా ఏడు పేజీలు. పదకొండు గంటలు అలాగే ఉన్నాయి.
ఓడ కూసింది, ఈసారి టేపులో కాదు.
లోపల ఎవరో ఈ వేళప్పుడు
బంగాళాదుంపలు తరుగుతుంటారు.

నలభై ఒకటో నిమిషం.
ఆయన దగ్గాడు.
రాసుకున్నాను.