మరచిపోయిన వస్తువులు

పర్లాకిమిడి లాడ్జికి ఆయన కంటే ముందు
ఒక కాగితం వచ్చింది.
ఒడియాలో ఉన్నదాన్ని ప్రధాన్ బాబు
నాచేత తెలుగులో చదివించాడు, నాకే ఎక్కాలని.

ఆ దేశంతో మనకి సంబంధాలు లేవు.
కనుక వచ్చేది రాయబారి కాదు, ప్రయాణికుడు.
కారుకి జెండా ఉండరాదు.
సెల్యూట్ కొట్టరాదు.
ఎదురెళ్ళరాదు. ఎదురుపడితే నమస్కారం తప్పు కాదు.
బహుమతి ఇవ్వరాదు, పుచ్చుకోరాదు.

టీ సంగతి కాగితంలో లేదు.
"ఇవ్వొచ్చా బాబూ?"
ఆయన జిల్లాకి ఫోన్ చేశాడు. జిల్లా భువనేశ్వర్‌కి చేసింది.
రాత్రి పదకొండింటికి జవాబు:
ఇవ్వొచ్చు. డబ్బులు తీసుకోవాలి.

వానలో దిగాడు, చంద్రగిరి బౌద్ధ మఠం చూసి,
మోకాళ్ళ దాకా ఎర్ర బురదతో.
సి-ఫారంలో 'వృత్తి' గడి దగ్గర కలం ఆగింది.
నేను క్యాలెండర్ కేసి చూశాను.
'ఉపాధ్యాయుడు' అని రాశాడు చివరికి.
ఒకప్పుడు నిజంగానే అయుంటాడు,
అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నాయి.

నాకు ఆ కాగితం కొత్త కాదు.
ఏరు దాటితే పాతపట్నం, అక్కడ మా సూరీడు పిన్ని.
ఎనభై సెంట్ల జీడితోట మీద
పదకొండేళ్ళు మాటల్లేవు, రాకపోకల్లేవు.
తాత పోయిన రోజు వచ్చింది.
అమ్మ ఎదురెళ్ళలేదు. తలుపూ వెయ్యలేదు.
పెరటి దారిన వచ్చి, తాత కాళ్ళ దగ్గర కూర్చుని,
మంచినీళ్ళు ముట్టకుండా లేచిపోయింది.
ఆ రూల్సు ఎవరు రాశారో గానీ
అందరికీ కంఠతా వచ్చు.
గొడుగు మాత్రం వసారాలో మరిచిపోయింది.
అమ్మ దాన్ని తిరిగి పంపలేదు, వాడనూ లేదు.
ఎండలు ముదిరాక ఒకసారి విప్పి
దులిపి, మళ్ళీ ముడిచేది.

పొద్దున్నే ఆయన గది ఖాళీ చేశాడు.
టీకి పది రూపాయలు పెట్టి రసీదు అడిగాడు.
ఇచ్చాను.
మెట్ల కింద యూనిఫాం లేకుండా నిలబడ్డ ప్రధాన్ బాబు
చెయ్యి నుదుటి దాకా ఎత్తి
తల గోక్కున్నాడు.

ఆరో నంబర్ గదిలో, దిండు మీద,
మన బజారులో కొన్నదే,
గేదె కొమ్ముతో చేసిన కొంగ, ఒంటికాలి మీద.
వీధిలోకి పరిగెత్తాను.
కారు సందు తిరిగిపోయింది, లేదా
నేనే కాస్త మెల్లగా పరిగెత్తాను.

పుస్తకంలో రాశాను:
కొంగ, ఒకటి. మరచిపోయినది.
ఏడాది ఆగి వేలం వెయ్యాలని రూలు.
ఆగుతున్నాను.
వారానికోసారి
పంచె కొంగుతో తుడుస్తున్నాను.