వెంట్రుక వాసి

ట్రోమ్సో నుంచి తిరిగొచ్చిన డబ్బా విప్పితే
మంచు వాసన లేదు, నూనె వాసన.
నలభై ఒక్క సీళ్లు, నల్లవి, చంటిపిల్ల గాజులంతేసి.
మంచు తోసే బండి చెయ్యి పైకెత్తి
ఎత్తినచోట నిలవలేక మెల్లగా ఒరిగిందట
తెల్లటి రోడ్డు మీద నల్లగా కారుతూ.
ఉత్తరంలో ఒకటే వాక్యం:
మీ సీలు పట్టు వదిలింది.

సార్నికోలో నేను నాణ్యత చూసే మనిషిని.
పేరు మర్యాదగానే ఉంటుంది,
చేసేది శవపరీక్ష.

గట్టిదనం కొలిచాను. డెబ్బై. ఉండాల్సిందే.
వేడిలో మూడు రోజులు నొక్కి ఉంచి వదిలాను,
అలిగిన పిల్లలా లేచింది, కానీ లేచింది.
నూనెలో నానబెట్టాను. ఉబ్బలేదు.
కాగితాల్లో అంతా కుశలమే.
సూక్ష్మదర్శిని కింద మాత్రం ఒక గీత,
వెంట్రుక వాసి.
అచ్చులో రెండు వైపుల నుంచి పారివచ్చిన రబ్బరు
ఎదురుపడింది, పలకరించుకుంది,
కలవలేదు.
చలికి ముడుచుకున్నప్పుడు అక్కడే విడిపోయింది.

మీటింగులో తిలాపాపం తలా పిడికెడు.
మిశ్రమంవాళ్లు ప్రెస్ అన్నారు,
ప్రెస్‌వాళ్లు మిశ్రమం అన్నారు,
ఎవరో వాతావరణం అంటే అందరం నవ్వాం.

అంచులు కత్తిరించే నోరిస్ ఇంటికి వెళ్లాను.
వంటింటి బల్ల, కత్తెర, రేడియో,
డెబ్బై ఆరేళ్ల బొటనవేలు.
ఒక సీలు తీసుకుని, చూడకుండా,
జపమాలలా తిప్పింది.
ఆగింది.
"ఇది మంగళవారంది."
బిస్కెట్ల డబ్బా తెరిచింది. నిండా ఇవే,
నవంబరు నుంచి ఏరిపెట్టినవి.
"మరి అవెలా దాటిపోయాయి?"
"పక్కింటి పియెరా తొడుగులేసుకుని కోస్తుంది."
"నువ్వు చెప్పలేదేం?"
"డజనుకింత అని ఇస్తారు.
అభిప్రాయానికి రేటు లేదుగా."

మంగళవారం రాత్రి నాలుగో ప్రెస్ పక్కన నిలబడ్డాను.
రెండు దాటాక బాబకర్ వెనక షట్టరు ఎత్తాడు, మూరెడు.
సరస్సు మీది ఉత్తరపు గాలి
పిల్లిలా దూరి అచ్చును ఆనుకుని కూర్చుంది.
గోడ మీది ముల్లు నూట డెబ్బై దగ్గర కదల్లేదు.
నేను అచ్చు అంచున దూర్చిన తీగ
నూట యాభై ఎనిమిది అంది.

"జెజీమ్‌కి దగ్గు," అన్నాడు బాబకర్.
"పొగ లాగే ఫ్యాను సెప్టెంబరులో ఆగింది.
చీటీ రాశాను. మూడు రాశాను."
"మంగళవారమే ఎందుకు?"
"నా షిఫ్టులో వాడుండేది మంగళవారమే."

మోటారు ఖరీదు నూట పది యూరోలు.
వెనక్కి తెప్పించిన సరుకు ఖరీదు నాకు చెప్పలేదు,
లెక్కలావిడ మొహం చూసి ఊహించుకున్నాను.

దిద్దుబాట్లు రాశాను. కొత్త మోటారు.
అచ్చు అంచున రెండో తీగ.
నోరిస్ డబ్బాకి ఒక చీటీ, చీటీకి ఒక రేటు.
చివర్లో 'కారకులు' అనే గడి ఉంది.
కలం అక్కడ చాలాసేపు నిలబడింది.
గాలి అని రాస్తే నవ్వుతారు.
బాబకర్ అని రాస్తే సంతకం వెంటనే అవుతుంది.
ఖాళీగా వదిలి, మూడు చీటీలూ దానికి పిన్ను కొట్టాను.

ఇప్పుడు గీత లేదు.
నోరిస్ వేలు ఎక్కడా ఆగడం లేదు.
జెజీమ్ ఇంకా దగ్గుతున్నాడు, కాస్త తక్కువగా.
అది కొలిచే పరికరం నా దగ్గర లేదు.