చల్లని చోట ఉంచవలెను

కాశీబుగ్గలో, రైలు గేటు దాటాక మూడో షట్టరు నాది.
ఇరవై రెండేళ్లుగా రుతువుల్ని
ఆకాశంలో కాదు, స్టాకు పుస్తకంలో చూస్తున్నాను.

రోహిణి కార్తెకి ఓఆర్‌ఎస్ పెట్టెలు,
వానలు పట్టగానే మలేరియా మాత్రలు,
మంచు దిగితే దగ్గు మందు.
ఒకప్పుడు పేజీలు వరసలో ఉండేవి.
ఇప్పుడు మాఘమాసంలోనే ఓఆర్‌ఎస్ అడుగుతున్నారు.
దగ్గు మందుకైతే కార్తే లేదు.

తెల్లారకుండానే జీడిబట్టీలు రాజుకుంటాయి.
రైలు దిగినవాళ్లు "ఎంత కమ్మటి వాసనో" అంటారు.
మేం కిటికీలు మూస్తాం.
పొద్దున్న తుడిచిన కౌంటరు అద్దం
మధ్యాహ్నానికి మళ్లీ జిడ్డుగా నల్లబడుతుంది.
ఊపిరితిత్తిని ఏ గుడ్డతో తుడవాలో
బెహరా డాక్టరుగారు చీటీలో రాయరు.

తవిటమ్మ వేళ్లను జీడినూనె తినేసింది.
రేషను మిషను ఆమెని ఆమె కాదంటుంది.
ఇన్‌హేలరుకి వేలిముద్ర అక్కర్లేదు,
నొక్కితే చాలు.
"రెండ్రోజుల కూలి దీనికే బాబూ" అంటూ
చిల్లర లెక్కపెడుతుంది,
మధ్యలో ఆగి, గాలి అందుకుని,
మళ్లీ మొదట్నించీ.

తిత్లీ వచ్చిన రాత్రి తోటలన్నీ పడుకున్నాయి.
మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది.
ఫ్రిజ్జులో ఇన్సులిన్ అప్పటికే చచ్చిపోయింది.
చచ్చిన ఇన్సులిన్‌కి వాసన ఉండదు,
రంగు మారదు,
నూతి నీళ్లలా తేటగానే ఉంటుంది.
అన్నీ పారబోశాను.
అన్నీ అనే అందరికీ చెప్పాను.

మూడో రోజున ఒక్క సీసా అమ్మేను,
తవిటమ్మ పెనిమిటికి.
అప్పటికింకా బతికుందేమో ఆ మందు.
ఏమో.
ఆయన మాత్రం దీపావళి చూడలేదు.
"ఉద్దానం మనిషి, కిడ్నీలు కదా" అన్నారంతా.
నేనూ అన్నాను.

నిన్న ఆమె మనవరాలు
డబ్బాలోని కాయితం కూడబలుక్కుని చదివింది:
"ఎండ తగలని చల్లని చోట ఉంచవలెను."
తవిటమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గేదాకా ముగ్గురం ఆగాం.
"అలాటి సోటే ఉంటే
మందుకెందుకే గుంటా,
నానే ఎల్లి కూకుందును గదేటి!"

నేను చిల్లర వెనక్కి తోశాను.
ఆమె మళ్లీ ముందుకి తోసింది.
బయట ఆకు కదలడం లేదు.
పొగ ఎటు పోవాలో తెలీక
గుమ్మంలోనే నిలబడి ఉంది,
చీటీ లేకుండా వచ్చిన మనిషిలా.