మేకప్ గది

రిటైరైన జనరల్ నుదుటిమీద
పౌడరద్దుతుంటే
"కెమెరాలో మెరవకూడదు, ఒడెట్" అన్నాడు.
మెరుస్తున్నది చెమట.

ఆ రాత్రి బాల్టిమోర్ అంతా చూసింది
పొడి నుదురు, ఎర్ర బాణాల మ్యాపు,
"మూడు వారాలు చాలు" అన్న గొంతు.
మధ్యలో టూత్‌పేస్టు ప్రకటన.

లైట్లు బిగించే డెస్మండ్
నిచ్చెన మీంచే విన్నాడు.
సోమవారం సంతకం పెట్టొచ్చి
నా డ్రాయర్లోంచి దువ్వెనొకటి అడిగి పట్టుకెళ్లాడు.

మూడు వారాలు నాలుగేళ్లయ్యాయి.
ఆ నిచ్చెన ఇప్పుడెవరెవరో ఎక్కుతున్నారు.
దువ్వెన మాత్రం వాళ్లమ్మ తెచ్చిచ్చింది,
కడిగి, కాగితంలో చుట్టి.

ఇవాళ మళ్లీ అదే కుర్చీలో జనరల్.
"అందరం పొరబడ్డాం" అని చెప్పడానికొచ్చాడట.
పఫ్ ఎత్తాను.
నుదురు
పొడిగానే ఉంది.