నాలుగో రోజు, పదకొండు గంటలకు

జ్వియాద్ మళ్లీ ఫోన్ చేశాడు.
"అత్తా, గంటలు వెయ్యి. ప్రతిదానికీ గంటలు వెయ్యి.
గంటల్లేని యాత్రని ఎవరూ కొనరు."
వాడికి ఇరవై ఆరేళ్లు, తిబిలీసీలో ఏడో అంతస్తు ఆఫీసు.
నల్లసముద్రం వాడికి గోడ మీద ఫొటో.

నేను వంటింటి బల్ల దగ్గర
మూతబడ్డ టీ ఫ్యాక్టరీ లెడ్జరు బోర్లించి
కాగితాల ఖాళీ వైపు గీతలు కొడుతున్నాను.
ఒకప్పుడు ఎవరు ఎన్ని కిలోల ఆకు కోశారో
రాసేదాన్ని.
ఇప్పుడు పన్నెండు మంది, ఎనిమిది రోజులు,
ఎక్కడ తినాలో, ఎక్కడ ఆశ్చర్యపోవాలో రాస్తున్నాను.

మొదటి రోజు బటూమి. రేవు, పాత వీధులు,
పడవలాంటి రొట్టె, దాని నడుమ వేడికి వణికే గుడ్డు.
ఇద్దరికి గుడ్డు పడదట. ఒకాయనకి కొత్త మోకాలట.
రెండో రోజు గోనియో కోట.
రోమన్లు కట్టారు. ఆ తర్వాత ఎవరొచ్చినా
ఇక్కడే ఉండిపోదామనుకున్నారు.
గోడలు ఉండిపోయాయి, గోడల లోపల నారింజలు కాశాయి.
ఇంతమాత్రానికి గంటన్నర అంటే
రాళ్లు కూడా ఆవలిస్తాయి.

మూడో రోజు ఎగువ కొండల్లో చెక్క మసీదు.
బయటికి ధాన్యపు కొట్టులా ఉంటుంది,
లోపల కప్పంతా చెక్కిన తీగలు, వెలిసిన ఎరుపు.
తాళంచెవి నూరీ దగ్గర. నూరీ తేనెపెట్టెల దగ్గర.
తేనెపెట్టెల దగ్గర ఫోను పలకదు.
దీనికి ఏ గంట వెయ్యను జ్వియాద్?

ఇంక వాన.
మా వాన వచ్చిపోయే చుట్టం కాదు, ఇంట్లో మనిషి.
పిలవకుండానే పీట వాల్చుకుని కూర్చుంటుంది.
పాతిన గుంజకి చిగురు, పాత బస్సు కప్పు మీద నాచు,
అంతా దాని చలవే.
కరపత్రంలో పచ్చదనం వేస్తారు,
వానని వెయ్యరు.

నాలుగో రోజు, పదకొండు గంటలకు:
"స్థానిక మహిళతో తేయాకు కోత."
ఇది జ్వియాద్ మాట.
ఆ స్థానిక మహిళ పేరు మెలానో. ఎనభై ఒకటి. మా పక్కిల్లు.
ఫ్యాక్టరీ పోయాక తోటంతా ముళ్లపొదలై
ఆమె పెరటి వెనక నాలుగు వరసలే మిగిలాయి.
సాయంత్రం వెళ్లి అడిగాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వాళ్లొచ్చి ఏం చేస్తారు?"
"ఆకు కోస్తారు."
"కూలెంత?"
"మనమివ్వం. వాళ్లే ఇస్తారు."
గింజ వేళ్ల మధ్యే ఆగింది.
"డబ్బిచ్చి? నడుం వంచి?"
"గంటన్నర."

అప్పుడు నవ్వింది మెలానో,
కోళ్లు కంచె దాకా చెదిరిపోయేట్టు,
పొట్ట పట్టుకుని, పళ్లెం ఒలకబోసుకుని.
నవ్వి, కళ్లు తుడుచుకుని,
నన్ను తేరిపార చూసింది.

"నా బుట్ట తూచినదానివి నువ్వేగా చియాలా.
తడి ఆకని చెప్పి రోజూ రెండు కిలోలు తరుగు తీసేదానివి.
ఎండ కాసిన రోజు కూడా."

అది పైవాళ్ల నియమం, నాది కాదు,
అనబోయాను. గొంతులోనే ఉంది ఆ మాట ఇంకా.
కింద పడ్డ చిక్కుళ్లు ఏరి పళ్లెంలో వేశాను.

"రమ్మను," అంది చాలాసేపటికి.
"నేను మాత్రం వంగను. కుర్చీ వేసుకుంటా.
కాటా నా దగ్గరుంటుంది.
ఎవరి బుట్టలోంచీ తరుగు తియ్యను."

ఇంటికొచ్చి లెడ్జరు వెల్లకిలా తిప్పాను.
ఉంది. జూన్ నెల, మెలానో:
ఇరవై ఆరు, తరుగు రెండు. ముప్పై, తరుగు రెండు.
ఇరవై మూడు, తరుగు రెండు.
నా రాతే. గుండ్రంగా, ముచ్చటగా,
బడిలో బహుమతి తెచ్చిన రాత.
దాని వెనకే నాలుగో రోజు,
సిరా ఇవతలికి కొంచెం ఊరింది.

ఐదు నుంచి ఎనిమిది దాకా ఇంకా పెన్సిల్లోనే ఉన్నాయి.
నాలుగోది మాత్రం దిద్ది పంపాను:
"మెలానో ఇంట్లో తేయాకు. తూకం ఆమెది."

"బాగుంది అత్తా," అన్నాడు జ్వియాద్,
"కానీ ఆ రోజు వాన పడితే?"

పడితే ఆకు బరువెక్కుతుంది, అన్నాను.